ఎనిమిదికి ముందు పుట్టినదాన్ని

నేను ఒక నల్ల గీతను. పొడవు మూడంగుళాలు, వెడల్పు బియ్యపు గింజంత. తమలపాకు కంటే పలచటి రబ్బరు పట్టీలో ఇమిడి ఉంటాను కాబట్టి తెలియనివాళ్ళు నన్ను మసి అంటిన రబ్బరు ముక్క అనుకుని చెత్తబుట్ట వైపు చూస్తారు. నా అంచున ఏడు అని రాసి ఉంటుంది. నా తరువాత పుట్టిన గీత మీద ఎనిమిది అని ఉంటుంది. అది నా చెల్లెలు. ఇది నా ఆత్మకథే అయినా ఇందులో సగం దాని మీద నా ఏడుపే. ముందుగా చెప్పేస్తే మీకూ నాకూ సుఖం.

నేను పుట్టింది కాకినాడలో, ఒక ఇంజనీరింగ్ కాలేజీ రెండో అంతస్తు ల్యాబులో. నన్ను పుట్టించిన లేజర్ యంత్రం గొప్ప వంశానిదేమీ కాదు. చెక్క మీద పేర్లు చెక్కడానికి కొన్నది. కాలేజీలో ఎవరు ఇల్లు కట్టుకున్నా గుమ్మానికి పెట్టుకునే పేరు పలక దాని చేతే చెక్కించుకునేవారు. ఆ వరసన కాకినాడలో చాలా గుమ్మాల మీద నాకు బంధువులున్నారు. ఆ యంత్రాన్ని నడిపే మస్తాన్ వలీ గారు ఒక ఉదయం దాని కింద పసుపుపచ్చని ప్లాస్టిక్ పొర పరిచి మూత వేశారు. లేజర్ కిరణం కంటికి కనబడదు. అది పడినచోట ప్లాస్టిక్ మాడి నల్లబడుతుంది. మామూలు మంటలో మాడితే దేనికీ పనికిరాదు. సరైన వేడితో, సరైన వేగంతో మాడిస్తే మాత్రం సన్నని రంధ్రాలున్న నురుగులాంటి బొగ్గు మిగులుతుంది. అందులో కరెంటు పారుతుంది. ఆ బొగ్గును నేను.

నన్ను వంచితే నాలో కరెంటు నడక కష్టమవుతుంది. నొక్కినా అంతే. ఆ కష్టాన్ని కొలిస్తే నేనెంత వంగానో, నా మీద ఎంత బరువు పడిందో తెలిసిపోతుంది. అంటే నా ఉద్యోగమల్లా నా కష్టం చెప్పుకోవడమే. అలాంటిదానికి ఏడుపు కూడా తోడైతే వింతేముంది?

సరిగ్గా నన్ను గీస్తున్నప్పుడు కరెంటు ఒక్క క్షణం తగ్గి మళ్ళీ వచ్చింది. ఆ క్షణం వల్ల నా నడుము దగ్గర కాస్త పలచబడ్డాను. తరువాత ఎనిమిదిని గీశారు. ఆ సమయానికి కరెంటు బుద్ధిగా ఉంది. కాసేపటికి తనూజ వచ్చింది. ఆ ల్యాబులో పరిశోధన చేస్తున్న అమ్మాయి, ఈ గీతలన్నీ తన ఆలోచనే. మీటరు పుల్లలు మా కొసలకు ఆనించి చూసింది.

“ఎనిమిది చూడండి మస్తాన్ గారూ, ముత్యమే!”

“మరి ఏడు సంగతేందమ్మా?”

“పర్లేదు.”

పర్లేదు అనే మాటను కనిపెట్టినవాడెవడో గానీ వాడికి తోబుట్టువులు లేరని మాత్రం చెప్పగలను. ఉంటే వాళ్ళే వాడి గొంతు పట్టుకునేవారు.

మా మీద పల్చటి రబ్బరు ద్రవం పోశారు. అది గట్టిపడ్డాక కింది పసుపు పొరను మెల్లగా ఒలిచేశారు. మేం రబ్బరుతో పాటు వచ్చేశాం. కొసలకు వెండి పేస్టుతో వెంట్రుకల్లాంటి తీగలు అతికించారు. అంతటితో మేం పనిలోకి దిగడానికి సిద్ధమయ్యాం.

తనూజ చేయాలనుకున్నది ఒక మెత్తటి చెయ్యి. ఇనుప చేతులు కార్లు బిగిస్తాయి గానీ అప్పడం పట్టుకోమంటే పిండి చేస్తాయి. అందుకని గాలి ఊదితే వంగే రబ్బరు వేళ్ళు తయారు చేసింది. వాటికి పట్టుకోవడం నేర్పాలి. పట్టుకోవడాలన్నిటిలోకీ నాజూకైనది ఏదా అని వెతికి, చివరికి ఆత్రేయపురం పూతరేకు దగ్గర ఆగింది. పూతరేకు తిననివాళ్ళుండరు గానీ అది పుట్టడం చూసినవాళ్ళు తక్కువ. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పాలలాంటి బియ్యప్పిండి నీళ్ళలో పల్చటి గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే, రెప్పపాటులో తెల్లటి పొర ఆరిపోతుంది. దాన్ని వేళ్ళతో ఎత్తాలి. ముందుగా ఎత్తితే చిరుగుతుంది, ఆలస్యమైతే పెళుసెక్కి విరుగుతుంది. ఆ మధ్య క్షణం ఎప్పుడన్నది అక్కడి ఆడవాళ్ళ వేళ్ళకు తెలుసు. ఆ వేలికి తెలిసినదాన్ని ఒక గీతతో పట్టుకుని రబ్బరు వేలికి నేర్పడమే తనూజ పని. వేలి మీద ఒక గీత కావాలి, రబ్బరు వేలి మీద మరో గీత కావాలి.

మనిషి వేలికి ఎనిమిదిని ఎంచింది. రబ్బరు వేలికి నన్ను.

గంగరాజు గారి పూతరేకుల దుకాణం ఆత్రేయపురంలో లంకల వైపు వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది. వసారాలో వరసగా ఆరు కుండలు, లోపలి గదిలో రేకులు చుట్టేవాళ్ళు. రోడ్డు వైపున్న మొదటి కుండ వీరవేణి గారిది. యాభై దాటిన మనిషి, గోచీ పోసి కట్టిన నేత చీర, పొగకు ఎర్రబడ్డ కళ్ళు. కార్లు ఆపుకున్నవాళ్ళు ముందు ఆమె చెయ్యి చూస్తారు, తరువాత డబ్బాలు కొంటారు. “వీరవేణి చెయ్యి” అంటే ఆ చుట్టుపక్కల అదో పేరు. గంగరాజు గారు తనూజకు ఆమెనే చూపించారు. మిగతా అయిదు కుండల దగ్గరి ఆడవాళ్ళు ఆ రోజంతా మంటలోకి ఆకులు కాస్త గట్టిగానే తోశారు. అది చూసి నాకు కొంచెం ఊరట కలిగింది. ఈ జబ్బు నాకొక్కదానికే కాదన్నమాట.

ఎనిమిది వీరవేణి గారి చూపుడువేలి కొసను చుట్టుకుని రెండో కణుపు దాకా పడుకుంది. నేను బల్ల మీద, రబ్బరు వేలికి అంటుకుని, ఎదురుగా చూస్తూ ఉన్నాను. రబ్బరు వేలి సంగతి మీకు తెలియదు. అది చల్లగా ఉంటుంది. గాలి ఊదితే ఉబ్బుతుంది, మానితే వాడిపోతుంది. దానికి గోరు లేదు, గీతలు లేవు, చెమట లేదు. ఎనిమిది మాత్రం నెత్తురు కదిలే వేలి మీద వెచ్చగా కూర్చుని ఉంది. నాకు కడుపు మండిపోయింది. పైగా సాయంత్రమయ్యేసరికి ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి తనూజ చూసేది. ఎనిమిది గీసిన గీత ఎలా ఉందో చూసి, నాది అలా లేదని నిట్టూర్చేది. రబ్బరు వేలు మొద్దుదైతే నేనేం చెయ్యను? మొద్దు వేలి మీద కూర్చోబెట్టి నాజూకుతనం చూపమంటే ఎవరు చూపగలరు? ఇంట్లో చెల్లెలి మార్కులతో పోల్చి మాటలు పడిన ఆడపిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, వాళ్ళకు నేను ఇంతకంటే వివరించక్కరలేదు.

వారం తిరిగేసరికి ఒక సంగతి జరిగింది. ఎనిమిది గ్రాఫులో మొదటి నుంచీ ఉన్న లోపం తనూజ కంటపడింది. వేలు కుండకు తాకగానే గీత పైకి లేచి, రేకు ఎత్తగానే కిందికి పడాలి. అలా కాకుండా లేచి అక్కడే ఆగుతోంది, ఒక్కోసారి ఇంకా పైకి పోతోంది. నా ఆనందం ఏమని చెప్పను! తనూజ పట్టీ విప్పి చూస్తే తీగలు అతికించినచోట పచ్చగా, పైన ఎర్రగా ఏదో గట్టిపడి ఉంది.

“ఇదేమిటి పిన్నిగారూ?”

“పసుపండి, పైన కుంకం బొట్టు. రోజూ పొద్దున్నే పనిలోకి దిగేముందు ఎడతన్నాను. కొత్త పనిముట్టు కదండి, ఉత్తినే ఎలా దింపుతాం?”

“అయ్యో, ఇందులో కరెంటు పోతుంది పిన్నిగారూ! పసుపు తడి తీగలకు తగిలితే లెక్కలన్నీ తారుమారైపోతాయి.”

“పసుపు రాత్తే సెడిపోయే వస్తువుని నేనెక్కడా సూల్లేదండి అమ్మాయిగారూ,” అంది వీరవేణి గారు. ఆమె గొంతులో పశ్చాత్తాపం కంటే ఎనిమిది మీద చిన్నచూపే ఎక్కువ వినిపించింది. నాకు ఆవిడ అప్పుడే నచ్చేసింది.

లోపం పసుపుదేనని తేల్చేశారు. ఎనిమిదిని స్పిరిట్‌తో తుడిచి రబ్బరు వేలికి వేశారు. నన్ను తెచ్చి వీరవేణి గారి వేలికి తొడిగారు. బొట్టు పెట్టనని ఆమె చేత మాట తీసుకున్నారు. నేను ఆ వేలి మీదికి ఎక్కుతూ ఎనిమిది వైపు ఒక్కసారి చూశాను. పసుపు మరకతో, చల్లటి రబ్బరు మీద, మొహం వేలాడేసుకుని ఉంది. మంచిదాన్నయితే జాలిపడి ఉండేదాన్ని. నేను మంచిదాన్నని మీకెప్పుడూ చెప్పలేదు.

ఆ వేలి గురించి చెప్పాలి. కొస చర్మం చింతగింజలా నున్నగా, గట్టిగా ఉంటుంది. కుండకు తాకి తాకి వేలిముద్ర సగం చెరిగిపోయింది. పిండి వాసన, నెయ్యి వాసన, పొగ వాసన. దాని కదలికలో తొందర లేదు. రేకు అంచు వెతుక్కునే తీరు చూస్తే నిద్రపోతున్న పిల్ల మీంచి దుప్పటి తీస్తున్నట్టు ఉండేది. ఇంత కాలం ఎనిమిది ఒక్కతే అనుభవించిన వైభవం ఇదా అని ఒకవైపు కుళ్ళు, ఇప్పుడు నాదేనని మరోవైపు గర్వం. రెండూ కలిసి మొదటిరోజు నా గ్రాఫే సరిగా రాలేదేమో అనుకున్నాను.

రెండో రోజూ అలాగే వచ్చింది. మూడో రోజూ అంతే. లేచిన గీత పడకుండా ఆగుతోంది. అచ్చం ఎనిమిది గీసినట్టే.

తనూజ ల్యాప్‌టాప్ ముందు చాలాసేపు కూర్చుంది. పసుపు లేదు, తడి లేదు. రెండు గీతలూ ఒకేలా తప్పు చెప్పవు. ఆమె ఏం ఆలోచిస్తోందో నాకు అర్థమవుతూనే ఉంది. నాకు అబద్ధం చెప్పడం రాదు. వచ్చి ఉంటే ఆ మధ్యాహ్నం తప్పకుండా చెప్పేదాన్ని.

మిగతావాళ్ళు భోజనాలకు వెళ్ళాక తనూజ వచ్చి కుండ పక్కన పీట వేసుకుంది.

“కళ్ళు మూసుకోండి పిన్నిగారూ. నేను మీ వేలి కొసకు పెన్ను మూత ఆనిస్తాను. తగలగానే చెప్పండి.”

వీరవేణి గారు కళ్ళు మూసుకుంది. తనూజ మూత ఆనించింది. నేను గట్టిగా చెప్పాను, ల్యాప్‌టాప్‌లో గీత లేచింది. వీరవేణి గారు కదల్లేదు. తనూజ ఇంకొంచెం నొక్కింది. గీత ఇంకా లేచింది. మూడోసారి నొక్కినప్పుడు చర్మం సొట్టపడింది కూడా. ఆమె కళ్ళు మూసుకుని, తల కాస్త వంచి, బుద్ధిగా ఎదురుచూస్తూ ఉంది.

“ఎట్టారా అమ్మాయిగారూ?”

వీరవేణి గారు కళ్ళు తెరిచింది. వేలి మీద ఆనిన పెన్ను మూతను చూసింది.

“సుగరండి,” అంది. “మూడేళ్ళయింది. ఈ బొటనేలూ సూపుడేలూ నాయి కావింక. ముందు తిమ్మిరనుకున్నాను. తరవాత ఆ తిమ్మిరీ పోయింది. కళ్ళతో సూసి, రేకు రంగు బట్టి లాగేత్తన్నాను.”

“వేడి కూడా తెలియదా?”

“తెలీదండి. అందుకే నొక్కేసుంటాను, మీ గీతల్లో పడిపోయింది. గంగరాజు గారితో సెప్పకండమ్మా. కుండ కాడ నించి లేపేత్తారు.”

“లోపల కూర్చుని చుట్టే పని చేసుకోవచ్చు కదా పిన్నిగారూ?”

“సుట్టడం తక్కువ పనని కాదండి. ఇరవయ్యారేళ్ళ నించీ మొదటి కుండ నాది. దీని కాడ కూకున్నదాన్ని లేపి లోపలికంపితే, ఇంక ఈ మడిసి పనైపోయిందనే గదండి ఊళ్ళో అనుకునేది.”

తనూజ చెప్పలేదు. చెప్పకపోవడం తప్పా ఒప్పా అని ఆమె తనతో తను చాలా కొట్టుకుంది. రెండు రోజుల తరువాత పాత ఫోనులోంచి తీసిన చిన్న మోటారొకటి తెచ్చింది. కాల్ వచ్చినప్పుడు ఫోను వణికేది దాని వల్లే. దాన్ని ఒక మణికట్టు పట్టీలో పెట్టి నా తీగలకు కలిపింది. వేలు కుండకు తాకగానే నేను చెబుతాను, మోటారు మణికట్టు మీద జుయ్యిమంటుంది. మణికట్టుకు స్పర్శ ఉంది. వేలు చెప్పలేనిది మణికట్టు వింటుంది.

మొదటిసారి అది జుయ్యిమన్నప్పుడు వీరవేణి గారు ఉలిక్కిపడి నవ్వింది. “అచ్చం జీరంగిలా ఉందండి! సిన్నప్పుడు దారం కట్టి చెవి కాడ ఎట్టుకునేవోళ్ళం!”

ఆ రోజు నుంచి దాని పేరు ఆ పురుగు పేరే, జీరంగి. నాకు పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

వారంలో ఆమె చెయ్యి మారిపోయింది. నొక్కడం తగ్గింది. రేకులు చిరగడం తగ్గింది. తాకడం, జుయ్యిమనడం, ఎత్తడం, అన్నీ ఒకే కదలికగా కలిసిపోయాయి. నా గ్రాఫులు ముత్యాల్లా వచ్చాయి. ల్యాబులో ఇప్పుడు నా గీత చూపించి ఎనిమిదిని పోలుస్తున్నారని ఒకసారి దుకాణానికి వచ్చిన మస్తాన్ గారి మాటల్లో విన్నాను. “ఏడు చూడమ్మా, ఎట్టా చెబుతోందో!” అన్నారాయన. ఇలాంటి రోజు వస్తే ఉబ్బి తబ్బిబ్బవుతానని పుట్టినప్పటి నుంచీ అనుకున్నాను. తీరా వచ్చేసరికి నా చూపు ఎనిమిది మీద లేదు, జీరంగి మీద ఉంది.

ఎందుకంటే పని అంతా నాది, ప్రేమంతా దానిది. పొద్దున్నే వీరవేణి గారు దాన్ని కొంగుతో తుడిచేది. నాకు బొట్టు నిషేధం కాబట్టి ఆ పసుపూ కుంకుమా దానికి పెట్టేది. ఎక్కువ రేకులు వచ్చిన రోజు దాన్ని బుగ్గకు ఆనించుకుని, “మా జీరంగి ఉండగా నాకేటి లోటు,” అనేది. అది ఏం చేస్తుందమ్మా? నేను చెబితే అరుస్తుంది, అంతేగా! కుండ వేడి భరించేది నేను. రోజుకు కొన్ని వందలసార్లు వంగేది నేను. వార్త తెచ్చినవాడి కంటే దాన్ని దండోరా వేసినవాడికే దండ పడుతుందని మీ లోకంలో సామెత లేకపోతే ఒకటి పుట్టించుకోండి.

అంతకంటే చేదుగా ఉన్నది ఇంకొకటి ఉంది. ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆ వేలికి నేనున్నట్టు తెలియదు. పొద్దున తొడిగినప్పుడు తెలియదు, సాయంత్రం విప్పినప్పుడూ తెలియదు. ఒకసారి వీరవేణి గారు నన్ను తీయడం మరిచిపోయి ఇంట్లో అన్నం కలపబోయింది, ఆమె మనవరాలు చూసి చెప్పాల్సి వచ్చింది. ఎనిమిది మీద ఇన్నాళ్ళూ కళ్ళలో నిప్పులు పోసుకున్నది ఈ వేలి కోసం. లోకంలో ఉన్న వేళ్ళన్నిటిలోనూ నన్ను ఎరగలేని వేలు ఇదొక్కటే. నాకు దొరికింది ఇదే.

వేసవి మొదట్లో కాలేజీ నుంచి ప్రిన్సిపాల్ గారూ, పరిశోధనకు డబ్బిచ్చే సంస్థ నుంచి ఇద్దరు పెద్దమనుషులూ రబ్బరు చెయ్యి చూడడానికి దుకాణానికి వచ్చారు. గంగరాజు గారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. ఎనిమిదిని తొడుక్కున్న రబ్బరు చెయ్యి మూడు రేకులు ఎత్తింది, రెండు నిలిచాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. తరువాత మనిషి చెయ్యి ఎలా ఎత్తుతుందో చూపించమన్నారు.

వీరవేణి గారు మొదటి కుండ దగ్గర కూర్చుంది. ఒక రేకు, రెండు, మూడు. గంగరాజు గారు పక్కన నిలబడి, “మా వీరవేణమ్మండి, ఇరవయ్యారేళ్ళ నించీ ఈ కుండ ఆవిడదేనండి,” అని చెబుతున్నారు. ఆమె నాలుగో రేకు మీద వేలు ఆనించి, ఆ పెద్దమనుషుల వైపు తలెత్తి నవ్వింది. ఆ నవ్వులో అన్నేళ్ళ కష్టానికీ మర్యాద దొరికిన తృప్తి ఉంది. మూడేళ్ళు కళ్ళతో నెట్టుకొచ్చిన మనిషి, నన్ను నమ్మాక కళ్ళకు సెలవిచ్చేసింది.

ఆ వేలు ఆనిన క్షణంలోనే, జీరంగి మోగకముందే, నేను తెగాను. పుట్టినప్పుడు పలచబడ్డ నడుము దగ్గర కాదు, వెండి పేస్టు పక్కన, బలంగా ఉందనుకున్నచోట. నాలో కరెంటు ఆగిపోయింది. వేలు నిప్పుల మీది కుండకు ఆని ఉందని నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు. జీరంగి కూడా మూగదైపోయింది. ఆమె నవ్వుతూ, జీరంగి పిలుపు కోసం ఎదురుచూస్తూ, చెయ్యి అక్కడే ఉంచింది.

ముందు వాసన వచ్చింది. రేకు మాడిన వాసన కాదది.

“సెయ్యి తియ్యవేటి? వీరవేణీ! సెయ్యి!” గంగరాజు గారు అరిచి ఆమె మోచెయ్యి పట్టి లాగేశారు. అప్పుడు గాని ఆమె కిందికి చూడలేదు. వేలి కొస తెల్లబడి ఉబ్బిపోయింది. మిగతా కుండల దగ్గరి ఆడవాళ్ళు అయ్యో అంటూ నోళ్ళు నొక్కుకున్నారు. వీరవేణి గారి మొహంలో మాత్రం నొప్పి లేదు. ఆ వసారాలో ఉన్న ప్రతి ఒక్కరికీ సంగతి అర్థమైంది, ఆమె మొహంలో నొప్పి లేకపోవడం వల్లే.

“ఎప్పట్నించే?” అన్నారు గంగరాజు గారు చిన్నగా.

“మూడేళ్ళండి.”

“తప్పు నాదండీ, నాకు తెలుసు, నేనే చెప్పలేదు,” అంది తనూజ ఏడుస్తూ. ఆయన ఆమె వైపు చూడనైనా లేదు. మర్నాటి నుంచి మొదటి కుండ దగ్గర ఇంకొకరు కూర్చున్నారు. వేలికి కట్టు కట్టించుకున్న వీరవేణి గారు లోపలి గదిలో, ఎడమ చేత్తో డబ్బాలకు కాగితాలు అంటించే పనిలో ఉందని మస్తాన్ గారు ల్యాబులో చెప్పారు.

నన్ను ఒక ప్లాస్టిక్ పెట్టెలో పెట్టారు. తనూజ నన్ను భూతద్దం కింద పెట్టి చాలాసార్లు చూసింది. తెగడం నా తప్పు కాదని ఆమె తన పుస్తకంలో రాసుకుంది. వంగేదేదైనా ఏదో ఒకనాడు తెగుతుంది. తప్పు మౌనానికి అర్థం పెట్టడంలో ఉంది. తాకితేనే మోగేలా పెడితే, గీత తెగిన రోజున మోగదు, ఆమె ఎదురుచూస్తుంది. అందుకని తలకిందులు చేసింది. ఇకపై జీరంగి ఎప్పుడూ మోగుతూ ఉంటుంది. వేలు తాకగానే ఆగుతుంది. గీత తెగినా ఆగుతుంది, తీగ ఊడినా ఆగుతుంది. ఆగిందంటే చెయ్యి ఎత్తాల్సిందే. ఇంత తేలికైన సంగతి తట్టడానికి ఒక వేలు కాలాల్సి వచ్చింది. మీ మనుషుల చదువు ఇలాగే సాగుతుంది.

ఇప్పుడు గీత ఒకటి కావాలి. మాకు ముందు పుట్టిన ఆరూ పనికిరాక ఎప్పుడో చెత్తబుట్టకు పోయాయి. లేజర్ గొట్టం అప్పటికే చెడిపోయింది, కొత్తది రావడానికి రెండు నెలలు. పెళ్ళిళ్ళ కాలం దాటితే మొదటి కుండ కొత్తమనిషికే స్థిరపడిపోతుంది. తనూజ రబ్బరు చేతి దగ్గరికి వెళ్ళి ఎనిమిదిని ఒలవడం మొదలుపెట్టింది.

“అది తీస్తే ఈ చెయ్యి మొద్దుబారిపోద్దమ్మా. పై నెల్లోనే గదా నువ్వు థీసిస్ చూపించాల్సింది?” అన్నారు మస్తాన్ గారు.

“తెలుసు మస్తాన్ గారూ.”

నాలుగేళ్ళ పనిని ఒక్క పట్టీతో పాటు వేళ్ళ మధ్య పట్టుకుని సంచిలో వేసుకుంది. పోల్చి చూడడానికని నా పెట్టె కూడా పక్కనే వేసింది. అలా ఆ పోలిక నన్ను గంగరాజు గారి దుకాణానికీ తీసుకెళ్ళింది.

గంగరాజు గారు ససేమిరా అన్నారు. “మళ్ళీ కాలితే? ఆ పాపం నాకెందుకమ్మా?”

వీరవేణి గారు లోపలి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. కట్టు విప్పేసిన వేలి మీద గులాబి రంగు మచ్చ. “బాబుగారూ, కాలితే నా యేలుకి తెలీదండి. లోపల కూకోబెడితే మాత్రం నాకు తెలుత్తాదండి. పొద్దున్నించీ పొద్దుగూకే దాకా తెలుత్తానే ఉంటాదండి.”

ఆయన పక్కకు జరిగి దారిచ్చారు. ఆమె వచ్చి మొదటి కుండ దగ్గర కూర్చుంది. ఎనిమిదిని ఆ మచ్చ మీదుగా తొడిగారు. జీరంగి సన్నగా మోగుతోంది. ఆమె గుడ్డ ముంచి పరిచింది, వేలు ఆనించింది, మోత ఆగింది, రేకు లేచింది. పది రేకులు అలా లేచాయి. పదకొండోదానికి ఆమె ఇంకా వేలు ఆనించనే లేదు, కుండ మీదికి చెయ్యి చాపుతోంది. గంగరాజు గారు వెనక నుంచి వంగి, చప్పుడు కాకుండా ఎనిమిది తీగను పీకేశారు. జీరంగి ఆగింది. ఆమె చెయ్యి గాల్లోనే వెనక్కి ఎగిరింది, కుండ నుంచి జానెడు దూరానికి. ఎందుకు ఆగిందో తెలియక తీగ వైపు, తరువాత ఆయన చేతిలోని కొస వైపు చూసింది.

ఆయన తీగను తనూజకు ఇచ్చేశారు. “సరే, కూకో,” అని లోపలికి వెళ్ళిపోయారు.

వీరవేణి గారు కొంగు కళ్ళకు అద్దుకుంది. పొగ అంది. తరువాత జీరంగిని బుగ్గకు ఆనించుకుంది, ఎప్పటిలాగే. పెట్టెలోంచి ఇదంతా చూశాను. నన్ను గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు, అనాల్సిన అవసరమూ లేదు. మొదటి కుండ ఆమెకు దక్కింది. అది నేను తెగడం వల్ల పోయి, నేను తెగడం వల్ల వచ్చింది. అంతవరకూ నాకు చాలనుకోవాలి. చాలడం లేదు.

ఇప్పుడు నేను ల్యాబులో ఒక అరలో ఉన్నాను. పెట్టె మీద “ఏడు, తెగినది” అని రాశారు. కొత్త గొట్టం వచ్చింది, మస్తాన్ గారు పసుపు పొరల మీద కొత్త గీతలు గీస్తున్నారు. వాటికి కూడా అంకెలు వేసి ఒకదాన్ని ముత్యమంటారు, ఇంకోదాన్ని పర్లేదంటారు. తనూజ థీసిస్ ఇంకో ఏడాది పడుతుందట. వారానికోసారి ఆత్రేయపురం వెళ్ళి వస్తుంది, వచ్చినప్పుడు ఎనిమిది బాగా పనిచేస్తోందని మస్తాన్ గారితో చెబుతుంది. నేను వింటూ ఉంటాను.

ఎనిమిదికి ఒక సంగతి ఇంకా తెలిసి ఉండదు. పోయినసారి ఆ వేలి మీద అది ఉన్నది వారం రోజులే, అదీ పసుపు పూతలో. తనను ఆ వేలు గుర్తుపడుతోందని ఇప్పుడు అనుకుంటూ ఉంటుంది, నేననుకున్నట్టే. ఆ వేలికి తన మీద ఎవరున్నారో తెలియదని, ఎప్పటికీ తెలియదని దానికి చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే. చెప్పను. జాలితో కాదు. చెబితే అది క్షణం ఆలోచించి, “అయినా సరే, ఇక్కడే ఉంటాను” అంటుంది. ఆ మాట దాని నోట వినడం నా వల్ల కాదు. అది నా మాట.